పదే పదే మూత్రంలో మంట: లోపం మీ శుభ్రతలో లేదు

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు, పేరు రాయవద్దని కోరుతూ సుదీర్ఘమైన ఉత్తరం పంపారు. సారాంశం ఇది. ఆమె వయసు 29. గాజువాకలో అత్తమామలతో కలిసి ఉంటూ, జగదాంబ సెంటర్ దగ్గర ఒక బట్టల షోరూంలో చీరల విభాగంలో పనిచేస్తున్నారు. పెళ్లయి రెండేళ్లయింది. గత ఏడాదిలో నాలుగుసార్లు మూత్రంలో మంట, పొత్తికడుపులో నొప్పి, క్షణక్షణానికీ వెళ్లాలనిపించడం, వెళితే నాలుగు చుక్కలు మాత్రమే రావడం ఆమెను వేధించాయి. ప్రతిసారీ వీధి చివరి మెడికల్ షాపులో అడిగి ఒక యాంటీబయాటిక్, మంట తగ్గే సిరప్ తెచ్చుకుంటారు. రెండు రోజుల్లో నెమ్మదించగానే మాత్రలు ఆపేస్తారు. కొన్ని వారాలకు మళ్లీ మొదటికే వస్తుంది. షోరూంలో ఆడవాళ్లందరికీ కలిపి పై అంతస్తులో ఒకటే టాయిలెట్ ఉంది. గిరాకీ ఉన్నంతసేపు కౌంటర్ వదలడానికి వీల్లేదు. అందుకని పొద్దున ఇల్లు దాటింది మొదలు రాత్రి తిరిగి వచ్చేదాకా మంచినీళ్లు దాదాపు ముట్టుకోరు.

అత్తగారు మొదట్లో వేడి చేసిందని సబ్జా గింజలు, బార్లీ నీళ్లు ఇచ్చారట. ఇప్పుడు మాత్రం "ఒళ్లు శుభ్రంగా ఉంచుకోనివాళ్లకే ఇలాంటివి వస్తాయి" అంటున్నారట. ఆ మాట భరించలేక ఈమె రోజుకు మూడు నాలుగుసార్లు యాంటీసెప్టిక్ కలిపిన నీళ్లతో కడుక్కోవడం మొదలుపెట్టారు. భర్తతో కలిసిన ఒకటి రెండు రోజులకే మంట వస్తోందని గమనించి, ఆయన నుంచి తనకు అంటుతోందా, తన నుంచి ఆయనకు అంటుతుందా అన్న భయంతో వేరుగా పడుకుంటున్నారు. ఈ ఏడాది బిడ్డను కనాలని ఇద్దరికీ ఉంది. ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్న ఆడపడుచు, "వదినా, ఆ బ్యాక్టీరియా ఒంటి మీద సన్నటి దారాలుంటాయి, వాటితో లోపల అతుక్కుంటుంది, మానోజ్ అనే చక్కెర పొడి తాగితే ఊడిపోతుందట" అని చెప్పిందట. పుట్టింట్లో తల్లికి కూడా వయసులో ఉన్నప్పుడు ఇదే బాధ ఉండేదని ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాశారు. ఆమె అడిగినవి నాలుగు ప్రశ్నలు: నేను శుభ్రంగా లేనా? ఆ పొడి కొనాలా? ఉద్యోగం మానేయాలా? మా ఆయనకు దూరంగా ఉండాలా?

అమ్మా, మీ మొదటి ప్రశ్న దగ్గరే కాసేపు ఆగాలి. మిగతా మూడింటికీ జవాబు అందులోంచే వస్తుంది.

మీరు శుభ్రంగానే ఉన్నారు. మూత్రాశయ ఇన్ఫెక్షన్లలో అత్యధిక భాగానికి, అంటే నూటికి 75 నుంచి 80 దాకా, కారణమయ్యేది ఈ-కోలి అనే బ్యాక్టీరియా. అది మురికి టాయిలెట్ నుంచి ఎగిరి వచ్చేది కాదు, ప్రతి మనిషి పేగుల్లోనూ కాపురం ఉండేదే. మీ అత్తగారి పేగుల్లో ఉంది, నా పేగుల్లోనూ ఉంది. ఆడవారిలో మలద్వారానికీ మూత్రద్వారానికీ మధ్య దూరం తక్కువ, మూత్రనాళం పొడవు కూడా తక్కువ కాబట్టి, కొన్ని బ్యాక్టీరియాలు అప్పుడప్పుడు లోపలికి చేరడం ఎంత శుభ్రంగా ఉండేవారిలోనైనా జరుగుతుంది. అలా చేరినవి చాలావరకు మూత్రంతోపాటే బయటికి పోతాయి. పోకుండా నిలబడగలిగినప్పుడే జబ్బు వస్తుంది. కాబట్టి అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది కాదు, దేన్ని పట్టుకుని నిలబడిందన్నదే ఇక్కడ తేల్చుకోవలసిన విషయం.

మీ ఆడపడుచు చెప్పిన దారాలు నిజమే. వాటిని పిలై అంటారు. ఈ-కోలి ఒంటి మీద ఇవి వందల సంఖ్యలో ఉంటాయి. ఒక్కొక్కటి ఒకటి రెండు మైక్రోమీటర్ల (మైక్రోమీటరంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొడవు, మిల్లీమీటరులో లక్షో వంతు కన్నా తక్కువ మందం. ప్రతి దారం కొసన ఫిమ్‌హెచ్ అనే చిన్న ప్రొటీన్ ఉంటుంది, అసలు పట్టంతా దానిదే. మూత్రాశయం లోపలి గోడలో పై వరస కణాలను యూరోప్లాకిన్లనే ప్రొటీన్లు కప్పి ఉంచుతాయి. వాటిలో ఒకదాని మీద మానోజ్ చక్కెర అణువుల గొలుసులు ఉంటాయి. ఫిమ్‌హెచ్ వెళ్లి ఆ మానోజ్‌నే పట్టుకుంటుంది. పట్టు ఎంత విచిత్రమైనదంటే, మూత్రం వేగంగా ప్రవహిస్తూ బ్యాక్టీరియాను ఈడ్చినప్పుడు అది సడలవలసింది పోయి, లాగేకొద్దీ బిగుసుకునే ఉచ్చుముడిలా మరింత గట్టిపడుతుంది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2002లో దీన్ని నిరూపించారు. దారం కూడా చుట్టలు విప్పుకుని సాగుతుంది కనుక ఆ ఈడ్పుకు తెగిపోదు. ప్రవాహం నెమ్మదించినప్పుడు పట్టు కొంచెం వదులై, బ్యాక్టీరియా గోడ వెంబడి కదిలి కొత్త చోట పాగా వేయగలుగుతుంది.

అతుక్కున్నాక అది అక్కడితో ఆగదు. కొన్ని గంటల్లోనే కణం లోపలికి దూరి, అక్కడ గుంపులు గుంపులుగా పెరుగుతుంది. శరీరం ఊరుకోదు, పై వరస కణాలను బ్యాక్టీరియాతో సహా ఊడగొట్టి మూత్రంలో వదిలేస్తుంది. అప్పుడు అడుగు వరస కణాలు బయటపడతాయి, కొన్ని బ్యాక్టీరియాలు వాటిలోకి చేరి చడీచప్పుడు లేకుండా ఉండిపోగలవు. ఇందులో ఎక్కువ భాగం ఎలుకల్లో తెలుసుకున్నదే అయినా, జబ్బుతో వచ్చిన ఆడవారి మూత్రంలో రాలిన కణాల్లోనూ ఆ గుంపులు కనిపించాయి. మంట తగ్గిన రెండో రోజున మాత్రలు ఆపేయడం ఎందుకు చెడుపు చేస్తుందో దీన్నిబట్టి మీకు అర్థమై ఉంటుంది. మూత్రంలో తిరుగుతున్నవి చచ్చి మంట తగ్గుతుంది, గోడను పట్టుకున్నవీ లోపల దాక్కున్నవీ మిగిలిపోవచ్చు.

మరి అందరి పేగుల్లోనూ ఉండే బ్యాక్టీరియా మిమ్మల్నే ఎందుకు పట్టింది? 1981లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధన గురించి చెబుతాను, మీ అత్తగారికి కూడా చెప్పండి. పదే పదే ఈ ఇన్ఫెక్షన్ వచ్చే ఆడవారి యోని కణాలనూ, ఎన్నడూ రాని ఆడవారి కణాలనూ తీసుకుని, రెండింటికీ ఈ-కోలిని కలిపి చూశారు. మొదటివారి కణాలకు బ్యాక్టీరియా ఎక్కువగా అతుక్కుంది. అంతవరకైతే శుభ్రత మాట ఎవరైనా మళ్లీ ఎత్తవచ్చు. కానీ వారు అక్కడితో ఆగకుండా, అదే ఆడవారి బుగ్గ లోపలి కణాలను కూడా పరీక్షించారు. అక్కడా అదే ఫలితం వచ్చింది. బుగ్గకూ, కింద కడుక్కోవడానికీ ఏ సంబంధమూ లేదు. ఒంట్లోని కణాల ఉపరితలం మీద ఏ చక్కెరలు ఎలా అమరి ఉన్నాయన్నది పుట్టుకతో వచ్చిన లక్షణం, బ్యాక్టీరియాకు అవి అనువుగా ఉన్నవారికి ఈ జబ్బు తరచుగా వస్తుంది. మీ అమ్మగారి గురించి మీరు ఒక్క ముక్కలో రాసిన విషయం నాకు ఉత్తరం మొత్తంలో చాలా ముఖ్యమైనదిగా తోచింది. 18 నుంచి 30 ఏళ్ల ఆడవారిలో పదే పదే ఈ జబ్బు రావడానికి కారణాలు వెతికిన ఒక అమెరికన్ అధ్యయనంలో, తల్లికి ఈ బాధ ఉన్నవారికి ముప్పు రెట్టింపుకు మించి ఉందని తేలింది. అదే అధ్యయనంలో తుడుచుకునే తీరుకూ, వేసుకునే బిగుతు లోదుస్తులకూ సంబంధమేమీ కనిపించలేదు.

యాంటీసెప్టిక్ నీళ్లతో కడగడం మాత్రం ఈ రోజే ఆపేయమని గట్టిగా చెబుతున్నాను. యోనిలో సహజంగా ఉండే లాక్టోబాసిల్లస్ అనే మేలు చేసే బ్యాక్టీరియా అక్కడ ఆమ్లత్వాన్ని కాపాడుతూ ఈ-కోలిని నిలవనీయదు. మీరు పోస్తున్న ద్రావణం ముందుగా చంపేది దాన్నే. స్నానం చేసేటప్పుడు మామూలు నీళ్లతో పైపైన కడుక్కుంటే సరిపోతుంది.

ఇక మానోజ్ పొడి. దీని వెనుక ఆలోచన చాలా తెలివైనది. ఫిమ్‌హెచ్ పట్టుకునేది మానోజ్‌నే గనుక, మూత్రంలో విడి మానోజ్ తేలుతూ ఉంటే బ్యాక్టీరియా దాన్నే పట్టుకుని గోడను వదిలి బయటికి పోతుందని ఆశ. మానోజ్ ఈ పట్టును అడ్డుకుంటుందన్న సంగతి 1950ల నుంచే శాస్త్రవేత్తలకు తెలుసు. మన శరీరమే ఈ ఉపాయం వాడుతుంది. మూత్రపిండాలు విడుదల చేసే టామ్-హార్స్‌ఫాల్ ప్రొటీన్ మీద ఇదే రకం చక్కెరలు ఉంటాయి, అది బ్యాక్టీరియాను పట్టి బయటికి ఈడ్చుకుపోతుంది. 2013లో క్రొయేషియాలో 308 మంది మీద జరిగిన ప్రయోగంలో పొడి బాగా పనిచేసినట్టు కనబడింది. ఆ తర్వాత బ్రిటన్‌లో 598 మంది ఆడవారితో మరింత పకడ్బందీగా పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. రోజుకు 2 గ్రాముల చొప్పున ఆరు నెలలు మానోజ్ తీసుకున్నవారిలో 51 శాతం మంది మళ్లీ ఈ బాధతో వైద్యం కోసం వచ్చారు. ఉత్తుత్తి పొడి తీసుకున్నవారిలో 55.7 శాతం మంది వచ్చారు. ఈ తేడా లెక్కలోకి తీసుకోదగినంతది కాదు. పరీక్ష నాళికలో పట్టు విడిపించినంత మాత్రాన ఒంట్లో కూడా విడిపిస్తుందని అనుకోవడానికి లేదు. కొంటే పెద్దగా హాని లేదు, కానీ మీ జీతంలోంచి ప్రతి నెలా దానికి ఖర్చు పెట్టమని నేను చెప్పలేను. ఆ డబ్బు ఒకసారి యూరిన్ కల్చర్‌కు, అంటే మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి అదేమిటో, ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్షకు, పెట్టడం మేలు.

క్రాన్‌బెర్రీ అనే విదేశీ పండు సంగతి మీరు అడగలేదు, కానీ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. 50 అధ్యయనాలను కలిపి చూసిన 2023 నాటి కొక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి విశ్లేషించే సంస్థ) సమీక్ష ప్రకారం, పదే పదే వచ్చేవారిలో అది ముప్పును సుమారు నాలుగో వంతు తగ్గిస్తుంది. అందులోని పదార్థాలు కూడా ఈ అతుక్కోవడాన్నే అడ్డుకుంటాయని భావిస్తున్నారు. వచ్చిన జబ్బును మాత్రం అది తగ్గించదు. చక్కెర దండిగా కలిపిన జ్యూసు డబ్బాల కన్నా మాత్రల రూపం నయం.

నీళ్ల విషయంలో కనిపించిన లాభం ఇంతకన్నా పెద్దది. రోజుకు లీటరున్నర కన్నా తక్కువ ద్రవాలు తాగుతూ, ఏడాదిలో మూడు అంతకు మించి ఇన్ఫెక్షన్లు వచ్చిన 140 మంది ఆడవారిని బల్గేరియాలో రెండు జట్లుగా చేసి, ఒక జట్టును రోజూ అదనంగా లీటరున్నర నీళ్లు తాగమన్నారు. ఏడాది గడిచేసరికి తాగినవారిలో సగటున 1.7 సార్లు, తాగనివారిలో 3.2 సార్లు జబ్బు వచ్చింది. ప్రవాహానికి పట్టు బిగుస్తుందని చెప్పి మళ్లీ నీళ్లు తాగమంటారేమిటని మీకు సందేహం రావచ్చు. ఒకసారి పట్టు దొరికించుకున్న బ్యాక్టీరియాను నీళ్లు కడిగేయలేవు, అందుకే జబ్బు వచ్చాక నీళ్లు తాగి నెట్టుకురావడం కుదరదు. పట్టు దొరక్కముందే, అవి కొద్ది సంఖ్యలో మూత్రంలో తేలుతున్నప్పుడే, బయటికి పంపడానికి మాత్రం నీళ్లు పనికొస్తాయి. మీ అత్తగారి బార్లీ నీళ్లు, మజ్జిగ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఆవిడ మొదట చేసిన పని మంచిదేనని ఆవిడతో చెప్పండి. మన సముద్రపు ఊళ్లో ఉక్కపోతకు చెమటగా పోయేదే ఎంతో ఉంటుంది. దాని మీద రోజంతా గొంతు తడుపుకోకపోతే మూత్రం చిక్కబడి, ఎప్పటికో గానీ వెళ్లే అవసరం కలగదు.

కాబట్టి ఉద్యోగం విషయంలో చిక్కు టాయిలెట్‌తో మొదలై నీళ్ల దగ్గర తేలుతోంది. మీ ముందు రెండు మూడు దారులున్నాయి. డాక్టరు దగ్గర ఒక ఉత్తరం రాయించుకుని, రెండు మూడు గంటలకు ఒకసారి పది నిమిషాలు వెళ్లిరావడానికి సూపర్‌వైజరును అడగవచ్చు. విషయం బయటపెట్టడానికి సిగ్గనిపించవచ్చు, ఒకటి రెండు మాటలు పడవలసి రావచ్చు. అయితే ఆ అంతస్తులో మీలాగే నీళ్లు మానుకుని నిలబడుతున్న తోటి ఆడవారు ఉండే ఉంటారు, నలుగురు కలిసి అడిగితే అది మీ ఒక్కరి జబ్బు మాటగా మిగలదు. అది కుదరకపోతే, బయలుదేరేముందు రెండు గ్లాసులు, మధ్యాహ్న భోజనం విరామంలో రెండు గ్లాసులు, ఇంటికి రాగానే మిగతావి అని పంచుకోవచ్చు. ఇది సగం పరిష్కారమే, కానీ ఇప్పటికన్నా నయం. మానేయడం మూడో దారి. మానేస్తే నీళ్లకు అడ్డు తొలగుతుంది గానీ కణాల తీరు మారదు కనుక జబ్బు పూర్తిగా పోతుందని హామీ లేదు, సొంత సంపాదన మాత్రం తప్పకుండా పోతుంది. ఒక టాయిలెట్ కోసం ఉద్యోగం వదులుకోవడం నాకు సమంజసంగా తోచలేదు. నిర్ణయం మాత్రం మీదే.

మీ భర్త విషయం. ఈ ఇన్ఫెక్షన్ ఆయన నుంచి మీకు రాలేదు, మీ నుంచి ఆయనకు అంటదు, ఎవరి నడవడినీ అనుమానించవలసిన పని లేదు. కలయిక సమయంలో మీ ఒంటి మీదే ఉన్న బ్యాక్టీరియా మూత్రనాళంలోకి నెట్టబడుతుంది, జరిగేది అంతే. దూరంగా ఉంటే సంఖ్య తగ్గవచ్చు, కానీ బిడ్డ కావాలనుకుంటున్న ఇద్దరు మనుషులు దానికి చెల్లించే మూల్యం పెద్దది. ఇదివరకు వీర్యకణాలను చంపే మందు పూసిన కండోములు వాడి ఉంటే అవి కూడా ఈ-కోలి చేరడానికి దోహదం చేస్తాయి, వాటిని వదిలేయండి. కలిసిన తర్వాత మూత్రానికి వెళ్లడం వల్ల లాభమని గట్టి రుజువు లేకపోయినా నష్టమేమీ లేదు. ఇవేవీ చాలకపోతే, కలిసిన రోజున మాత్రమే ఒక చిన్న మోతాదు యాంటీబయాటిక్ వేసుకునే పద్ధతి ఉంది. రోజూ చిన్న మోతాదు వేసుకునే పద్ధతి కూడా ఉంది. రెండూ పనిచేస్తాయి. కానీ మందుకు లొంగని బ్యాక్టీరియా పెరిగే ముప్పు రెండింటిలోనూ ఉంది, గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పుడు ఏ మందు తగునో చూసుకోవాలి. మెథెనమిన్ అనే యాంటీబయాటిక్ కాని మందు, రోజూ వేసుకునే యాంటీబయాటిక్‌కు దాదాపు దీటుగా ఉందని 2022లో బ్రిటన్‌లో 240 మందిపై జరిగిన అధ్యయనంలో తేలింది. ఇది మీకు తగునా అని గైనకాలజిస్టును అడగండి.

వీటన్నిటికన్నా ముందు జరగవలసింది కల్చర్. ఆరు నెలల్లో రెండుసార్లు గానీ, ఏడాదిలో మూడుసార్లు గానీ వస్తే దాన్ని పదే పదే వచ్చే ఇన్ఫెక్షన్ అంటారు, మీరు ఆ గీత దాటారు. ఇప్పటివరకు ఒక్కసారి కూడా ఏ బ్యాక్టీరియానో, ఏ మందుకు లొంగుతుందో ఎవరూ చూడలేదు. మన దేశంలో ఈ-కోలి చాలా మందులను ధిక్కరించే స్థితికి వచ్చింది గనుక మెడికల్ షాపు అంచనా మీద ఆధారపడటం ఇక క్షేమం కాదు. ఈసారి మంట మొదలవగానే, మాత్ర వేసుకోకముందే, ల్యాబ్ ఇచ్చిన మూత తెరవని స్టెరైల్ డబ్బాలో శాంపిల్ ఇవ్వండి. మామూలు నీళ్లతో కడుక్కుని, మొదటి ధారను వదిలేసి, మధ్య ధారను పట్టాలి. డబ్బా అంచుకు, లోపలి వైపుకు వేలు తగలకూడదు. వెంటనే ల్యాబ్‌కు చేర్చాలి, ఆలస్యమైతే ఫ్రిజ్‌లో ఉంచాలి. లేకపోతే డబ్బాలోనే బ్యాక్టీరియా పెరిగి రిపోర్టు తప్పుతుంది. మీ ఆడపడుచు ఇందులో మీకు బాగా సాయపడగలదు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఓపీలో చూపించుకున్నా, దగ్గరలోని డాక్టరు దగ్గర చూపించుకున్నా ఫరవాలేదు. షుగర్ పరీక్ష, రాళ్ల కోసం ఒక స్కానింగ్ కూడా చేయించమని అడగండి. మంట ఉండి కల్చర్‌లో ఏమీ పెరగకపోతే, అప్పుడు వేరే కారణాలు వెతకాలి.

మందు రాసినప్పుడు చెప్పిన రోజులన్నీ వాడండి. నైట్రోఫ్యూరంటాయిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే మాత్రం మీరు అలవాటుగా తాగే ఆ సిరప్‌ను డాక్టరును అడగకుండా కలపకండి. ఆ సిరప్‌లు మూత్రంలో ఆమ్లత్వాన్ని తగ్గిస్తాయి, ఈ మందు ఆమ్లత్వం ఉన్న మూత్రంలోనే బాగా పనిచేస్తుంది.

చలితో జ్వరం వచ్చినా, నడుముకు పైన ఒక పక్క నొప్పి పుట్టినా, వాంతులైనా కల్చర్ రిపోర్టు కోసం ఎదురుచూడకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. కొన్ని ఈ-కోలి రకాలకు పీ-పిలై అనే మరో రకం దారాలుంటాయి. వాటి కొసలు మానోజ్‌ను కాకుండా మూత్రపిండ కణాల మీది వేరొక చక్కెర జంటను పట్టుకుంటాయి. ఆ రకం పైకి ఎక్కితే అది మూత్రాశయంతో పోయే జబ్బు కాదు.

గర్భం నిలిచాక, మంట ఉన్నా లేకపోయినా, తొలి నెలల్లోనే యూరిన్ కల్చర్ చేయించుకోండి. మామూలు రోజుల్లో బాధేమీ లేకుండా మూత్రంలో బ్యాక్టీరియా కనిపిస్తే మందు అక్కర్లేదు. గర్భిణికి మాత్రం అలా వదిలేయకూడదు, అది మూత్రపిండాలకు పాకే ముప్పు ఆ నెలల్లో ఎక్కువ. మొదటిసారి చూపించుకునే రోజునే ఈ ఏడాది సంగతంతా, పాత రిపోర్టులతో సహా, డాక్టరు ముందు పెట్టండి. వీలైతే మీ భర్తను కూడా వెంట తీసుకువెళ్లండి.